అత్తగారి పళ్ల సెట్టు

నోట్లో పళ్లు నోట్లో ఉండగానే ఆమె పళ్ల సెట్టు తయారై భోజనాల బల్ల మీదికి వచ్చేసింది!

తెల్లటి పింగాణీ పళ్లెంలో తడి దూది పరిచి, దాని మీద పెట్టి తెచ్చాడు భర్త. గులాబీరంగు చిగురు, దాని మీద బారులు తీరిన పళ్లు... ఎంత ముచ్చటగా ఉన్నాయో! వారం రోజులుగా బయటి పనులన్నీ పక్కన పెట్టి, భార్య పళ్ల అచ్చు ఎదురుగా పెట్టుకుని, ఆమె ముందుపన్ను కాస్త పక్కకు వాలి ఉంటుందని దీన్ని కూడా అలాగే వాల్చి మరీ చేశాడు. పెళ్లప్పుడు కూడా ఆమె కోసం ఇంత శ్రద్ధ తీసుకుని ఉండడు మహానుభావుడు.

"రేపు పొద్దున పదింటికి," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా. "అన్నయ్య మిగతావన్నీ తీసేస్తాడు. కింది వరస మొత్తం. పన్నంటూ లేకపోతే ఇక నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది చెప్పు!"

ఆమె తల ఊపింది. మాట్లాడలేదు. మాట్లాడితే ఎడమవైపు పెదవి కదులుతుంది. కదిలితే ఏమవుతుందో ఆమె ఒక్కదానికే తెలుసు.

అందరూ పళ్లతో తింటారు, ఆ ఇంటివాళ్లు పళ్ల మీద తింటారు. ముందుగదిలో బావగారు, అంటే భర్తకు అన్నగారు, పళ్లు పీకుతారు. నడిమి గదిలో ఆమె భర్త పళ్లు కడతాడు. గోడల నిండా అరలు, అరల నిండా వచ్చిపోయినవాళ్ల నోళ్ల అచ్చులు, తెల్లటి ప్లాస్టర్‌తో పోసినవి. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ గదిలో దీపం వెయ్యాలంటే భయపడేది. ఇన్ని నోళ్లు ఒక్కసారిగా మాట్లాడితేనో అని! పదేళ్లయ్యేసరికి అలవాటైపోయింది. ఆ ఇంటి మాట కూడా అలవాటైపోయింది. మామగారి నాటి మాట అది: "ముఖంలో నొప్పంటే పంటి నొప్పే. పన్ను పోతే నొప్పి పోతుంది."

రెండేళ్ల కిందట ఆమెకు ఎడమవైపు కింది దవడపన్ను ఒకటి పుచ్చింది. నిజంగానే పుచ్చింది, కాదనడానికి లేదు. బావగారు పీకారు. వేరు విరిగి లోపల ఉండిపోతే చాలాసేపు కెలికి తీశారు. మత్తు దిగాక కూడా కింది పెదవిలో సగం, గడ్డంలో సగం మొద్దుబారే ఉన్నాయి. "సర్దుకుంటుందిలే అమ్మా" అన్నారు బావగారు. నెల తిరిగేసరికి ఆ మొద్దు విడిచింది. విడిచాక... అయ్యో, మొద్దుగా ఉన్నదే నయమనిపించింది! కాల్చిన సూది ఒకటి చిగురులో గుచ్చి, పెదవి దాకా, చెవి దాకా లాగుతున్నట్టు నొప్పి. చన్నీళ్లు తగిలితే నొప్పి, ఫ్యాన్ గాలి సోకితే నొప్పి, దుప్పటి అంచు రాసుకుంటే నొప్పి. గాయం ఎప్పుడో మానిపోయింది. చిగురు నున్నగా, ఆరోగ్యంగా ఉంది. ఎక్స్‌రేలో చూస్తే ఏమీ లేదు!

ఏమీ లేదంటే ఆ ఇంట్లో ఊరుకుంటారా? పక్కపన్ను పీకారు. వారం రోజులు మత్తుమందులతో, మాత్రలతో ఉపశమనం. ఎనిమిదో రోజుకు నొప్పి రెట్టింపు. దాని పక్కది పీకారు. ఆ తర్వాత మరొకటి. నాలుగు పళ్లు పోయాయి, నొప్పి మాత్రం కదల్లేదు. ఇక ఇంట్లోవాళ్ల ఓపిక కదలడం మొదలుపెట్టింది. "గోరంత దాన్ని కొండంత చేసుకుంటోంది" అని బావగారు తమ్ముడితో అన్న మాట, మధ్యలో తలుపు లేని ఆ ఇంట్లో ఆమె చెవిన పడనే పడింది. భర్త ఔనని అనలేదు. కాదని కూడా అనలేదు! నొప్పి కంటే ఆ మౌనమే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

అయినా రేపటికి ఒప్పుకున్నది వాళ్ల మాటకు కాదు. పిచ్చుక కోసం.

పిచ్చుక ఆమె ఆరేళ్ల కూతురు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. కిందటి నెల బడిలో బొమ్మ గీసినందుకు మెచ్చుకున్నారట. పరుగున వచ్చి, మెడకు వేళ్లాడి, "అమ్మా!" అంటూ ఎడమ చెంప మీద గట్టిగా ముద్దు పెట్టింది. అంతే! ఆమెకు కళ్ల ముందు ఏమీ కనిపించలేదు. ఎవరో నిప్పు పెట్టినట్టు కేకపెట్టి, రెండు చేతులతో బిడ్డను తోసేసింది... కన్నబిడ్డను! పిల్ల వెళ్లి గుమ్మానికి కొట్టుకుని పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. ఏడవను కూడా ఏడవలేదు, తల్లివైపు అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ పిచ్చుక రెండడుగుల దూరంలో ఆగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని, "తాకనులే అమ్మా, భయపడకు," అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు, పళ్లేం ఖర్మ, తలే తీసేయించుకుందామా అనిపిస్తుంది. బిడ్డను గుండెకు హత్తుకోలేని తల్లికి కింది వరస పళ్లుంటే ఎంత, ఊడితే ఎంత!

ఇక పళ్లన్నీ తీస్తే నొప్పి పోతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అత్తగారి నుంచే వచ్చింది. ముప్పై రెండేళ్ల కిందట అత్తగారికి కూడా ఇలాగే ముఖంలో కుడివైపు నొప్పి వచ్చిందట. మామగారు స్వయంగా కింది పళ్లన్నీ పీకి, స్వయంగా సెట్టు చేసి పెట్టారట. చేత్తో తీసేసినట్టు నొప్పి పోయిందట! వచ్చిన ప్రతి రోగికీ బావగారు ఈ కథ చెప్పి, "అదిగో, మా అమ్మే సాక్ష్యం" అని వీధిగుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారిని చూపిస్తారు. ఆవిడ చిన్నగా నవ్వుతుంది. మామగారి చేతి పళ్లు తళుక్కుమంటాయి. ఆ దుకాణానికి అంతకు మించిన బోర్డు లేదు. ఆయన పోయి పన్నెండేళ్లయినా ఆ సెట్టు మార్చనివ్వదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అది లేకుండా ఆవిడ ముఖం ఎలా ఉంటుందో కన్నకొడుకులే ఎరగరు. చెవుల మీదుగా ఎప్పుడూ ఒక మెత్తటి నూలుగుడ్డ చుట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ వేస్తే లేచి పక్కగదిలోకి పోతుంది. చాదస్తం అనుకుంటారు అందరూ.

కోడలి నొప్పి మాట ఎత్తినా అంతే, లేచి వెళ్లిపోతుంది. రెండేళ్లలో ఒక్కనాడు "ఎలా ఉందమ్మా" అని అడిగిన పాపాన పోలేదు. అత్తగారు తిట్టినా పడొచ్చు గానీ, ఈ చూడనట్టు పోవడం ఏమిటని కోడలి కడుపు మండేది.

ఆ సాయంత్రం మాత్రం ఉండబట్టలేక ఆవిడ గదిలోకి వెళ్లింది.

"అత్తయ్యా, ఒక్క మాట అడుగుతాను. పళ్లన్నీ తీశాక... మీకు నిజంగా తగ్గిపోయిందా?"

అత్తగారు బట్టలు మడత పెడుతోంది.

"ఆ... తగ్గిపోయింది," అంది గోడవైపు చూస్తూ. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆ ఒక్క మాటను పట్టుకుని కోడలు మర్నాడు పొద్దున వెళ్లి కుర్చీలో కూర్చుంది.

బావగారు చేతులు కడుక్కుని, పళ్లెంలో పనిముట్లు సర్దారు. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో కొత్త సెట్టు. పిచ్చుక బడికి పోనని మొండికేసి గుమ్మంలోనే ఉంది.

"ఎక్కడ నొప్పి ఎక్కువగా ఉందో ఒకసారి చూపించమ్మా," అన్నారు బావగారు, సూదిలోకి మత్తుమందు ఎక్కిస్తూ.

ఆమె వేలు ఎత్తి చూపించింది. మొదట పీకిన పన్ను ఉండిన చోటు. ఇప్పుడు అక్కడ ఖాళీ చిగురు తప్ప ఏమీ లేదు.

"అక్కడ పన్ను లేదు కదా పెదనాన్నా!" అంది పిచ్చుక ఆశ్చర్యంగా. "లేని పన్ను కూడా నొప్పేస్తుందా?"

"నువ్వు లోపలికి పోవే," అన్నారు బావగారు.

సరిగ్గా అప్పుడే పళ్లెంలో ఠంగుమని చప్పుడైంది. పనిముట్ల మధ్య, నీళ్లోడుతూ... మామగారి చేతి సెట్టు!

అందరూ తిరిగి చూశారు. అత్తగారు నిలబడి ఉంది. తలకు గుడ్డ లేదు. నోట్లో పళ్లు లేవు. కింది పెదవి లోపలికి పోయి, గడ్డం ముందుకు వచ్చి, ఒక్క రాత్రిలో ఇరవై ఏళ్లు మీద పడ్డ మనిషిలా ఉంది.

"సూది కింద పెట్టరా పెద్దోడా," అంది. పళ్లు లేక మాటలు జారుతున్నా ఒక్క అక్షరం ఎవరికీ వినపడకుండా పోలేదు. "నాకు తగ్గలేదు."

"ఏమిటమ్మా నువ్వనేది?"

"తగ్గలేదురా! ఆ వేళా తగ్గలేదు, ఈ వేళా లేదు. ముప్పై రెండేళ్ల నుంచి ఒక్కరోజు తగ్గలేదు!"

అత్తగారు రోగులు కూర్చునే బెంచీ మీద కూలబడింది.

"ఒక పన్ను పీకాక మొదలైంది నాకూ. మీ నాన్న ఒకటి తర్వాత ఒకటి పీకారు. చివరికి అన్నీ పీకేశారు. ఆ రాత్రి మీ నాన్న ఏడ్చారు. నీ అందమైన పళ్లన్నీ పీకేశానే అని చంటిపిల్లాడిలా ఏడ్చారు. పది రోజులు కూర్చుని ఆ సెట్టు చేశారు. నా పళ్లు పీకిన చేత్తోనే నాకు ముద్దలు కలిపి తినిపించారు... సెట్టు పెట్టి, 'ఎలా ఉందే?' అని అడిగారు. ఆ ముఖం చూసి తగ్గలేదని ఎలా చెప్పను? 'తగ్గిపోయిందండీ' అన్నాను. ఆయన మనసు కుదుటపడ్డాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. ఆయన మర్నాడే వీధంతా చెప్పుకున్నారు! ఇక ఎక్కడ చెప్పను? ఎవరికి చెప్పను?" ఆవిడ కుడి చెంపకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, తగలకుండా, గాలి సోకకుండా. "ఆ సెట్టు పెట్టుకున్నప్పుడల్లా నొప్పి ఉన్నచోటే నొక్కుతుందిరా. అయినా పెట్టుకున్నాను. పంటి బిగువున ఓర్చుకున్నాను అంటారే, ఆ బిగించడానికి నాకు పళ్లు కూడా లేవు!"

కోడలు కుర్చీలోంచి లేచింది. జాలి కలగాలి నిజానికి. కానీ ముందు కోపమే వచ్చింది.

"రెండేళ్లు... రెండేళ్లు చూస్తూ కూర్చున్నారా అత్తయ్యా! నా పళ్లు ఒక్కొక్కటీ పోతుంటే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయారే! నిన్న సాయంత్రం మీ కాళ్ల దగ్గరకు వచ్చి అడిగాను కదా! అప్పుడు కూడా..."

"అప్పుడు కూడా అబద్ధమే చెప్పాను తల్లీ. నోటికి అదొక్కటే అలవాటైపోయింది." అత్తగారు రెండు చేతులూ జోడించింది. "నిజం చెబితే పోయిన మనిషి పేరు పోతుందని భయపడ్డాను. మొదటిది పోయాక పీకించుకున్న నీ మూడు పళ్ల పాపం నాదే. రాత్రంతా కన్ను మూతపడలేదు. ఆయన పేరు కోసం నిన్ను కూడా నాలాగా చేస్తానా అనిపించింది..."

భర్త చేతిలోని కొత్త సెట్టు ఎప్పుడు కిందపడిందో అతనికే తెలియదు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాకు ఎనిమిదేళ్లప్పుడు కదూ ఇది! అప్పటి నుంచి నువ్వు నన్ను ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోలేదు. నేను మీదికి వస్తే తోసేసేదానివి. నేను పెద్దవాడినయ్యాను కాబోలు, ఇక పెట్టుకోరు కాబోలు అనుకున్నాను..."

"నువ్వు పెద్దవాడివి కాలేదురా నాన్నా," అంది ఆవిడ, కొడుకు తల నిమురుతూ. "నాకే చెంప లేకుండా పోయింది."

అతను తిరిగి భార్యవైపు చూశాడు. తర్వాత గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ కూతురివైపు చూశాడు. నలభై ఏళ్ల మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నమే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. చూపించుకోవాల్సింది ఇద్దరు, వెంట వచ్చింది ఇద్దరు. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గలది. దూది కొసతో కోడలి చెంప మీద తాకీ తాకనట్టు తాకి చూసింది. ఆమె విలవిల్లాడిపోయింది.

"ఇది పంటి నొప్పి కాదండీ, నరం నొప్పి," అంది డాక్టరమ్మ. "దవడలో పళ్ల కింద నుంచి ఒక నరం వెళ్తుంది, పెదవి దాకా. పన్ను పీకినప్పుడు దానికి దెబ్బ తగిలింది. దెబ్బ తగిలిన చోట వాపు వస్తుంది. ఆ వాపు నరాన్ని రెచ్చగొడుతుంది. పైన గాయం మానిపోతుంది గానీ, నరం మాత్రం ఉత్తినే అరవడం నేర్చుకుంటుంది. గాలి సోకినా నిప్పు అంటుకుందనే మెదడుకు చెబుతుంది. నొప్పి మాత్రం నిజమే. ఎక్స్‌రేలో కనబడదు, అంతే!"

నొప్పి నిజమే! రెండేళ్ల తర్వాత ఆ మాట ఒక పరాయి మనిషి నోట వింటే ఆమెకు దుఃఖం ఆగలేదు.

"మరి పళ్లు పీకితే..." గొణిగారు బావగారు.

"దొంగ దొరకలేదని ఇంట్లోవాళ్లందర్నీ జైల్లో వేస్తే ఏం లాభం? పీకినప్పుడల్లా నరానికి ఇంకో దెబ్బ. ఇక ఒక్క పన్ను కూడా ముట్టుకోవద్దు."

బావగారు తల వంచుకున్నారు. బయటికి వచ్చాక వరండాలో మరదలి ముందు ఆగారు. "ఆ రోజు పెదవి మొద్దుబారిందని నువ్వు చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చిందమ్మా. నా చెయ్యి తప్పిందని ఒప్పుకోలేక సర్దుకుంటుందిలే అన్నాను. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు..." క్షమించాననడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుందని ఆమెకు తెలుసు.

మందుల చీటీ కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. అత్తగారూ కోడలూ ఒకేసారి చెంపలకు చేతులు అడ్డం పెట్టుకున్నారు, ఆవిడ కుడి చెంపకు, ఈమె ఎడమ చెంపకు. ఒకర్నొకరు చూసుకున్నారు. ఏడుపు మధ్యలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వితే నొప్పి పుట్టి మళ్లీ ఏడుపొచ్చింది. అత్తగారు తన నూలుగుడ్డ తీసి కోడలి చెంప మీదికి, తగలకుండా, గాలికి అడ్డంగా పట్టుకుంది. ఎంత దూరంలో పట్టుకోవాలో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

ఆరు నెలలు గడిచాయి. కోడలికి మందు పనిచేసింది. పూర్తిగా కాదు, సగం. పోయిన పళ్లు రావు, మబ్బుపట్టిన రోజున ఇప్పటికీ పెదవి మండుతుంది. కానీ పిచ్చుక ఇప్పుడు రెండడుగుల దూరంలో ఆగదు. కుడివైపుగా తిరిగి వచ్చి, "ఇది మంచి చెంప కదమ్మా?" అని అడిగి మరీ ముద్దు పెడుతుంది. ఇంట్లో ఫ్యాన్లు వెయ్యరు. చెమటలు కక్కుతూ అన్నదమ్ములిద్దరూ కిక్కురుమనకుండా భోంచేస్తారు.

అత్తగారికి మాత్రం మందు పడలేదు. తల తిరిగి రెండుసార్లు పడిపోయింది. ఆ వయసులో ఇక వద్దంది డాక్టరమ్మ. ముప్పై రెండేళ్ల కిందట వచ్చి ఉంటే ఎలా ఉండేదో, అని ఊరుకుంది. ఆ మాట విని కొడుకులు కుమిలిపోయారు గానీ ఆవిడ కుమిలిపోలేదు. "పోనీలెండిరా, దీనితో కాపురం అలవాటేగా," అంది.

ఒకనాడు పొద్దున కోడలి భర్త తన తల్లి ముందు చెయ్యి చాచాడు. "నాన్న చేసిన సెట్టు ఒకసారి ఇలా ఇవ్వమ్మా."

ఎవర్నీ ముట్టుకోనివ్వని సెట్టు! ఆవిడ చాలాసేపు ఆలోచించి, తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఎక్కడ నొక్కుతోందో వేలితో చూపించింది. అతను నడిమి గదిలో అచ్చుల మధ్య కూర్చుని ఆకురాయి అందుకున్నాడు. తండ్రి చేతిపని అది. అయినా అరగదీశాడు. గులాబీరంగు పొడి అతని ఒళ్లో రాలింది. నీళ్లలో కడిగి, తుడిచి, తెచ్చి తల్లికి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుంది.

"ఎలా ఉందమ్మా?"

కోడలు వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. బావగారు పేపరు దించారు. అత్తగారు కొడుకు ముఖంలోకి చూసింది. అచ్చం తండ్రి ముఖమే, అదే ఆశ, అదే భయం! అలవాటైన మాట నాలుక చివరి దాకా రానే వచ్చింది.

"తగ్గి..."

ఆగిపోయింది. కోడలివైపు చూసింది. కోడలు దగ్గరికి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"లేదురా," అంది అత్తగారు. కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. "తగ్గలేదు. ఇదిగో, ఈ మూల ఇంకా నొక్కుతోంది."

"ఇలా ఇవ్వమ్మా," అన్నాడు కొడుకు, ఆకురాయి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.